మధ్యస్థ బడ్జెట్‌లో ఫ్లై ఫిషింగ్ రాడ్ ఎంచుకోవడం ఎలా? పూర్తి మార్గదర్శి

"కొత్త ఫ్లై రాడ్ కొనాలి. మరీ ఖరీదైనది వద్దు, అలాగని ఏడాది తిరిగేసరికి మూలన పడేది కూడా వద్దు. ఏది తీసుకోమంటారు?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. ఒక మోడల్ పేరు చెప్పి వదిలేస్తే అడిగినవారికి ఉపయోగం ఉండదు. ఒకరి చేతిలో హాయిగా ఒదిగిన రాడ్ ఇంకొకరికి కట్టెలా బిగుసుకుని అనిపించడం మామూలే. వాళ్లు ఎంత దూరం విసురుతున్నారు, ఏ లైన్ (విసిరే దారం) ఎక్కించారు అన్నదాన్ని బట్టి అదే రాడ్ మారిపోయినట్టు ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మీరు నిజంగా చేపలు పట్టే దూరంలో చక్కగా వంగే రాడ్, దానికి సరిపడే లైన్ ఉంటే మధ్యస్థ ధర రాడ్‌తో ఏ లోటూ ఉండదు. ఈ రెండూ కుదరకపోతే ఎంత డబ్బు పెట్టినా చేతికి సుఖం ఉండదు. కింది వరుసలోనే వెళ్లండి. ముఖ్యంగా 1, 5, 8 భాగాలు దాటేయొద్దు.

1. దుకాణానికి వెళ్లే ముందు రాసుకోవాల్సినవి

రాడ్లు చూడటం మొదలుపెట్టాక మనసు వాటి వెంటే పోతుంది. అందుకే మీ అవసరాన్ని ముందే కాగితం మీద పెట్టండి.

- ఎక్కువ రోజులు ఎలాంటి నీటిలో పడతారు? పొదల మధ్య చిన్న వాగు, వెడల్పాటి నది, సరస్సు, సముద్ర తీరం: వీటిలో ఒక్కటి.
- ఫ్లై (పురుగులా కట్టిన తేలికైన కృత్రిమ ఎర) ఎంత దూరంలో పడితే మీకు చేప దొరుకుతుంది? ఒకసారి ఎంత దూరం విసరగలిగారన్నది కాదు, రోజూ ఎంత దూరంలో పడుతున్నారన్నది రాయండి.
- ఎక్కువగా వాడే ఫ్లైలు ఏవి? నీటిపై తేలే చిన్న డ్రై ఫ్లైలా, మునిగే నింఫ్‌లా, బరువైన స్ట్రీమర్లా?
- గాలి ఎక్కువగా ఉండే చోటా?
- ఇప్పటికే ఏ రాడ్, ఏ లైన్ ఉన్నాయి? వాటిలో మీకు ఏం నచ్చడం లేదు?

చివరి ప్రశ్నకు "బాలేదు" అని రాస్తే చాలదు. "దగ్గరగా విసిరితే లైన్ బరువు చేతికి తెలియడం లేదు", "గాలికి ఎదురుగా లూప్ (గాల్లో లైన్ తిరిగే వంపు) విప్పుకోవడం లేదు", "గంట తర్వాత మణికట్టు నొప్పి" అని రాయండి. కొత్త రాడ్ పరిష్కరించాల్సింది ఆ ఒక్క వాక్యాన్నే.

అన్ని రకాల నీళ్లకూ ఒకే రాడ్ కొనాలన్న ఆలోచన ఈ దశలోనే వదిలేయండి. మీరు ఎక్కువ రోజులు గడిపే నీటికి సరిపడే రాడ్ కొనండి. అప్పుడప్పుడూ వెళ్లే చోట అదే రాడ్‌తో కొంచెం సర్దుకోవచ్చు.

2. డబ్బు ఎలా పంచుకోవాలి

మొత్తం రాడ్ మీదే పెట్టేసి, మిగిలిన చిల్లరతో లైన్ కొనడం చాలా మంది చేసే పని. మంచి రాడ్ మీద నాసిరకం లైన్ ఎక్కిస్తే ఆ రాడ్ గుణం మీకు ఎప్పటికీ తెలియదు.

నది ట్రౌట్ లాంటి చేపలకు నేను చెప్పే పంపకం ఇది: సగం రాడ్‌కు, పావు వంతు లైన్‌కూ, దాని చివర కట్టే సన్నటి దారాలైన లీడర్లకూ, మిగతా పావు రీల్‌కు. చిన్న, మధ్యరకం చేపలకు రీల్ ప్రధానంగా లైన్ దాచుకునే డబ్బా. డ్రాగ్ (లైన్ బయటికి పరుగెత్తకుండా పట్టే బ్రేక్) సాఫీగా తిరిగితే చాలు.

సముద్రపు చేపలు, సాల్మన్ లాంటివి లక్ష్యమైతే లెక్క మారుతుంది. వేగంగా పరుగెత్తే చేపను ఆపేది రీల్‌లోని డ్రాగే. అక్కడ రాడ్ వాటా కొంచెం తగ్గించి రీల్‌కు పెంచండి.

రాడ్, రీల్, లైన్ కలిపి అమ్మే సెట్లు కొత్తవారికి మంచివే. వాటిలో సాధారణంగా ముందు మార్చాల్సి వచ్చేది లైన్. సెట్ కొంటే, తర్వాత మంచి లైన్ కొనడానికి కొంత పక్కన పెట్టుకోండి.

3. రాడ్ మీద ఉండే నంబర్

పిడికి కొంచెం పైన 905-4 లాంటి అంకెలు కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు అదే విషయాన్ని 590-4 అని రాస్తాయి. రెండింటి అర్థం ఒకటే: 9 అడుగుల 0 అంగుళాల పొడవు, 5 నంబర్ లైన్, 4 ముక్కలు.

ఇందులో ముఖ్యమైనది లైన్ నంబర్. మామూలు ఫిషింగ్‌లో ఎర బరువు లైన్‌ను లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో లైన్ బరువే ఫ్లైని మోసుకెళ్తుంది. కాబట్టి నంబర్ నిర్ణయించేటప్పుడు ముందు చూడాల్సింది ఫ్లై ఎంత పెద్దది, గాలి ఎంత అన్నది. చేప ఎంత పెద్దదన్నది ఆ తర్వాత.

- 2, 3: చిన్న వాగులు, చిన్న డ్రై ఫ్లైలు, గాలి తక్కువ.
- 4, 5: సాధారణ ట్రౌట్ నదులు. ఒకే రాడ్ ఉండాలంటే 5.
- 6: స్ట్రీమర్లు, సరస్సులు, గాలి ఉండే నదులు.
- 7, 8: బాస్, స్టీల్‌హెడ్, బోన్‌ఫిష్, మహసీర్.
- 9, 10: పెద్ద సాల్మన్, సముద్రంలో బలమైన చేపలు.
- 11, 12: టార్పన్ లాంటివి.

లైన్ల బరువుకు ఒక ప్రమాణం ఉంది. లైన్ ముందు భాగంలోని మొదటి 30 అడుగులు తూచి నంబర్ ఇస్తారు. 4 నంబర్ అంటే 120 గ్రెయిన్లు, 5 అంటే 140, 6 అంటే 160, 8 అంటే 210. 140 గ్రెయిన్లు దాదాపు 9 గ్రాములు.

రాడ్లకు మాత్రం అలాంటి ప్రమాణం లేదు. ఏ రాడ్‌ను 5 అని పిలవాలో తయారుచేసేవారే నిర్ణయించుకుంటారు. ఒకరి 5, ఇంకొకరి 6 అంత గట్టిగా ఉండొచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుంటే తర్వాత వచ్చే గందరగోళం సగం తగ్గుతుంది.

4. పొడవు, ముక్కలు

తేల్చుకోలేకపోతే 9 అడుగులు తీసుకోండి. నదిలో, సరస్సులో, పడవలో అన్నిచోట్లా పనికొస్తుంది.

తలపై కొమ్మలు వంగి ఉండే వాగుల్లో ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగులు సుఖం. నింఫ్‌లను లైన్ బిగుతుగా పట్టి నడిపించే పద్ధతికి 10, 11 అడుగుల రాడ్లు వాడతారు. పొడవు వల్ల లైన్‌ను నీటిపై నుంచి ఎత్తి ఉంచడం తేలికవుతుంది. పొడవు పెరిగే కొద్దీ చేతి మీద భారమూ పెరుగుతుంది.

ముక్కల విషయంలో 4 ముక్కలకు వెళ్లిపోండి. 9 అడుగుల రాడ్ సుమారు రెండున్నర అడుగుల గొట్టంలో పడుతుంది, ప్రయాణాలకు బాగుంటుంది. అతుకులు ఎక్కువైతే రాడ్ సరిగ్గా వంగదన్న భయం ఇప్పుడు అక్కర్లేదు.

5. యాక్షన్: ఇక్కడ తొందరపడొద్దు

యాక్షన్ అంటే రాడ్ ఎక్కడ వంగుతుంది అన్నది. ఫాస్ట్ రాడ్ ఎక్కువగా పై భాగంలో, కొన దగ్గర వంగుతుంది. మీడియం రాడ్ సగం దాకా వంగుతుంది. స్లో రాడ్ దాదాపు పిడి దాకా వంగుతుంది. వంచడానికి ఎంత బలం కావాలన్నది వేరే సంగతి, దాన్ని పవర్ అంటారు. రెండింటినీ కలిపి "గట్టి రాడ్" అనేస్తుంటారు. వేరువేరుగా చూడండి.

అసలు లెక్క ఇక్కడే ఉంది. మీరు 5 నంబర్ రాడ్‌తో 30 అడుగుల దూరంలో ఫ్లై వేస్తున్నారనుకోండి. ఆ 30 అడుగుల్లో లీడర్ 9 అడుగులు. ముందుకు చాచిన రాడ్ ఇంకో 8, 9 అడుగులు తీసుకుంటుంది. రాడ్ కొన బయట ఉన్న లైన్ 12 అడుగులు మాత్రమే.

లైన్ నంబర్ తూచింది 30 అడుగులకు. మీ రాడ్‌ను వంచుతున్నది 12 అడుగులు, అదీ లైన్‌లో సన్నగా ఉండే ముందు భాగం. 9 గ్రాములు ఉంటుందనుకున్నచోట 4 గ్రాములు కూడా లేవు. రాడ్ వంగకపోతే ఆశ్చర్యం ఏముంది?

రాడ్ కొన బయట 30 అడుగుల లైన్ ఉండాలంటే ఫ్లై మీ నుంచి 45 అడుగులకు పైగా దూరంలో పడాలి. ఫాస్ట్ రాడ్లలో చాలా వాటికి అక్కడి నుంచే ప్రాణం వస్తుంది. నదిలో ట్రౌట్ పట్టేవారు రోజంతా ఆ దూరానికి విసరడం అరుదు.

అందుకే ఫాస్ట్ అనే మాటను నాణ్యతకు గుర్తుగా చూడొద్దని గట్టిగా చెప్తాను. అది ఒక పనికి పనికొచ్చే గుణం. గాలి, బరువైన ఫ్లైలు, దూరం ఉన్నచోట అవసరం. సముద్ర తీరానికి 8 నంబర్ కొంటున్నారా, ఫాస్ట్ తీసుకోండి. నదిలో 4 లేదా 5 కొంటున్నారా, మీడియం ఫాస్ట్ లేదా మీడియం దగ్గర వెతకండి.

మెత్తగా వంగే కొనకు ఇంకో లాభం ఉంది. 6ఎక్స్ టిప్పెట్ (లీడర్ చివర ఫ్లై కట్టే సన్నటి దారం) మందం అంగుళంలో వెయ్యింట 5 వంతులే. చేప ఒక్కసారిగా గుంజినప్పుడు ఆ దెబ్బను కొన తీసుకుంటే టిప్పెట్ మిగులుతుంది. కొన బిగుసుకుని ఉంటే టిప్పెట్ తెగుతుంది.

కొత్తగా నేర్చుకునేవారికి కూడా మీడియం ఫాస్టే మేలు. రాడ్ వంగడం, తిరిగి నిలబడటం చేతికి తెలుస్తుంది. ఆ రెండూ తెలిస్తేనే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ముందుకు తేవాలో అర్థమవుతుంది.

ఖరీదు పెరిగితే ఏం వస్తుందో కూడా తెలుసుకోవాలి. మొదట, ఊపేటప్పుడు రాడ్ తేలిగ్గా అనిపిస్తుంది. రెండోది, విసిరి ఆపగానే కొన వణుకు త్వరగా ఆగిపోతుంది. ఆ వణుకు లైన్‌లో అలలుగా పాకి దూరాన్ని, గురిని తగ్గిస్తుంది కాబట్టి ఇది నిజమైన తేడాయే. మిగతాది చాలావరకు కలప ముక్కలు, మెరుగులు, పేరు.

మధ్యస్థ ధర రాడ్లలో వాడే కార్బన్ తరచూ అంత హై మాడ్యులస్ (తక్కువ బరువులో ఎక్కువ బిగువు ఉండే రకం) కాదు. కొన్ని గ్రాములు బరువు ఎక్కువ. గోడ కాస్త మందం కాబట్టి చిన్న చిన్న దెబ్బలకు తట్టుకుంటుంది. రాళ్ల మధ్య, పడవల్లో తిరిగేవారికి ఇది నష్టం కాదు.

6. లైన్‌ను రాడ్‌తో కలిపే ఎంచుకోండి

ఫాస్ట్ రాడ్లు దగ్గర దూరంలో వంగకపోవడం వల్లే, నంబర్ కంటే బరువైన లైన్లు మార్కెట్లోకి వచ్చాయి. పెట్టె మీద 5 అని ఉంటుంది, తూస్తే 150 గ్రెయిన్లు, కొన్ని 160 దాకా ఉంటాయి. 160 అంటే ప్రమాణం ప్రకారం 6 నంబర్.

కాబట్టి నంబర్ చూసి ఆగిపోకుండా పెట్టె మీద గ్రెయిన్లు ఎన్ని రాశారో చదవండి.

- మీడియం, మీడియం ఫాస్ట్ 5 నంబర్ రాడ్: 140 గ్రెయిన్ల లైన్‌తో మొదలుపెట్టండి.
- ఫాస్ట్ 5 నంబర్ రాడ్, 40 అడుగుల లోపు వాడకం: 150 చుట్టూ చూడండి.
- మెత్తటి రాడ్ మీద 160 ఎక్కించొద్దు. ఊపిరాడనట్టు నెమ్మదిస్తుంది, లూప్ వెడల్పైపోతుంది.

డబ్ల్యూఎఫ్‌5ఎఫ్ అని ఉంటే ముందు భాగం బరువుగా ఉండే, 5 నంబర్, తేలే లైన్ అని అర్థం. మొదటి లైన్ అదే తీసుకోండి. మునిగే లైన్లు తర్వాత.

7. చేతిలోకి తీసుకుని చూసే తనిఖీ

విసిరే ముందు రెండు నిమిషాలు ఇవి చూడండి.

- రాడ్ బిగించి, పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి కొన దాకా చూడండి. గైడ్లన్నీ (లైన్ వెళ్లే రింగులు) ఒకే వరుసలో రావాలి. రాడ్ పక్కకు వంగి కనబడకూడదు.
- గైడ్ కట్టిన దారం మీద పూత సాఫీగా ఉందా? పగుళ్లు, బుడగలు, గుచ్చుకునే చివరలు ఉన్నాయా?
- అతుకుల దగ్గర మెల్లగా ఊపండి. టిక్ టిక్ శబ్దం రాకూడదు.
- కార్క్ పిడిలో పుట్టీ నింపిన గుంటలు ఎన్ని? కొన్ని ఉంటాయి, పర్వాలేదు. బొటనవేలు ఆనే చోట ఉంటే ఇంకోటి అడగండి.
- మీ రీల్ అడుగు భాగం సీటులో సరిగ్గా కూర్చుంటోందా? బిగించాక కదులుతోందా? ఇంట్లో ఉన్న రీల్ తీసుకెళ్లి చూడాల్సిందే.
- ఉప్పునీటికైతే సీటు, గైడ్లు తుప్పు పట్టని లోహమేనా?

పిడి ఆకారం గురించి ఎక్కువ ఆలోచించొద్దు. 6 దాకా సన్నటి హాఫ్ వెల్స్ లేదా సిగార్, ఆ పైన బొటనవేలికి ఆనిక ఉండే ఫుల్ వెల్స్, కింద ఫైటింగ్ బట్ (పెద్ద చేపను లాగేటప్పుడు పొట్టకు ఆనించే చిన్న పొడిగింపు). మీ చేయి చిన్నదైతే మాత్రం పిడి మందం పట్టి చూడండి. లావు పిడిని రోజంతా బిగించి పట్టుకుంటే ముంజేయి లాగేస్తుంది.

8. విసిరి చూడటం: ఏ వరుసలో చేయాలి

దుకాణంలో ఖాళీ రాడ్‌ను గాల్లో ఊపి చూడటం వల్ల దాదాపు ఏమీ తెలియదు. లైన్ బరువు లేకుండా ఏ రాడ్ అయినా గట్టిగానే ఉంటుంది. పైగా ఖాళీగా ఊపినప్పుడు ఫాస్ట్ రాడ్ మరీ చురుగ్గా అనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి.

- మీ సొంత రీల్, శుభ్రంగా తుడిచిన లైన్. అన్ని రాడ్లకూ అదే లైన్.
- 9 అడుగుల లీడర్. చివర హుక్ బదులు రంగు నూలు పోగు.
- గడ్డి నేల. తారు, సిమెంటు మీద లైన్ పూత గీసుకుపోతుంది.
- 20, 30, 40, 50 అడుగుల దగ్గర గుర్తులు. పళ్లెమో టోపీయో ఏదైనా సరే.
- కళ్లకు అద్దాలు.
- రాడ్ల పేర్ల మీద అంటించడానికి కాగితపు టేపు.

ఆ టేపును చిన్న విషయం అనుకోవద్దు. పేరు, ధర తెలిస్తే చేయి కూడా దానికి తగ్గట్టే చెప్తుంది. తోడు వచ్చినవారిని పేర్లు మూసి, వరుస మార్చి ఇవ్వమనండి. ఒక పూటకు మూడు రాడ్లు మించొద్దు. అంతకంటే ఎక్కువైతే మొదటిది ఎలా ఉందో మరిచిపోతారు.

మొదటి మెట్టు: 20 అడుగులు. చాలామంది 50, 60 అడుగులతో మొదలుపెడతారు. మీరు దగ్గర నుంచే మొదలుపెట్టండి. హాల్ చేయకుండా (రెండో చేత్తో లైన్‌ను లాగకుండా), ముంజేతిని కొద్దిగా కదిపి వేయండి. లూప్ ఏర్పడుతోందా? లీడర్ తిన్నగా విప్పుకుంటోందా? మీరు బలవంతంగా తోయాల్సి వస్తే ఆ రాడ్ ఈ దూరానికి కాదు.

రెండో మెట్టు: 30 అడుగులు, గురి. ఒకే గుర్తుకు పదిసార్లు వేయండి. ఎన్ని తగిలాయన్నది అంత ముఖ్యం కాదు. తప్పినవి ఎటు పడుతున్నాయో చూడండి. అన్నీ ఒకే వైపు పడితే అది మీ చేతి అలవాటు, సరిచేసుకోవచ్చు. చెల్లాచెదురుగా పడుతుంటే కొన ఆగకుండా వణుకుతోందేమో గమనించండి.

మూడో మెట్టు: 40 అడుగులు, ఒక్క ఫాల్స్ కాస్ట్‌తో (లైన్‌ను కింద పడనీయకుండా గాల్లోనే ముందుకూ వెనక్కూ ఊపడం). నదిలో నిజంగా చేసే పని ఇదే. తర్వాత అంతే లైన్‌ను ఒక్క ఊపులో నేల మీద నుంచి లేపి మళ్లీ ముందు పరచండి. లేపేటప్పుడు కింది భాగంలో బలం ఉందో లేదో తెలిసిపోతుంది.

నాలుగో మెట్టు: 50 అడుగులు, ఆ పైన. ఇక్కడ రాడ్ కూలబడుతోందా, నిలబడుతోందా చూస్తే చాలు. రికార్డులు అక్కర్లేదు.

ఐదో మెట్టు: పక్క నుంచి విసరడం, రోల్ కాస్ట్ (లైన్‌ను వెనక్కి ఎగరేయకుండా ముందుకు దొర్లించడం), పడ్డ లైన్‌ను పక్కకు జరపడం, అంటే మెండ్ చేయడం. రోల్ కాస్ట్ గడ్డి మీద సరిగ్గా రాదు, నీటి పట్టు కావాలి. చెరువు ఒడ్డు దొరికితే అక్కడ చేయండి.

చివరగా, నచ్చిన రాడ్‌తో ఆగకుండా పావుగంట. మణికట్టు, బొటనవేలు, మోచేయి ఏం చెప్తున్నాయో వినండి. మొదటి ఐదు నిమిషాల్లో నచ్చి, పావుగంటకు బరువెక్కే రాడ్లు ఉంటాయి.

ఒక్కో రాడ్ అయిపోగానే ఒక్క వాక్యం రాసుకోండి. మూడూ అయ్యాక టేపు తీయండి.

ఫలితాలు గందరగోళంగా ఉంటే, బాగా విసిరే ఒకరిని పక్కన నిలబెట్టుకోండి. లీడర్ తన మీద తానే చిక్కుపడటం లాంటివి ఎక్కువగా ఊపులో బలం ఒక్కసారిగా పెట్టడం వల్ల వస్తాయి. ఆ తప్పును రాడ్ మీద వేసి మంచి రాడ్‌ను వదులుకోవద్దు.

9. విసిరి చూసే అవకాశం లేకపోతే

అమ్మేవారిని "ఇది బాగుంటుందా" అని అడగొద్దు. ఇవి అడగండి.

- 25 అడుగుల్లో ఈ రాడ్ వంగుతుందా? ఏ లైన్‌తో, ఎన్ని గ్రెయిన్లతో?
- దీన్ని కొన్నవారు తరచూ ఏ లైన్ తీసుకెళ్తున్నారు?
- వాడకుండా తిరిగి ఇస్తే తీసుకుంటారా? గడ్డి మీద విసిరి చూడటాన్ని వాడినట్టే లెక్కిస్తారా?

సమీక్షలు చదివేటప్పుడు రాసినవారు ఏ దూరానికి, ఏ లైన్‌తో వేశారో వెతకండి. అది లేని ప్రశంసను పక్కన పెట్టేయొచ్చు.

వెతకడానికి ఒక మొదలు కావాలంటే ఆర్విస్ క్లియర్‌వాటర్, ఎకో, టెంపుల్ ఫోర్క్ రాడ్లు చూడండి. దగ్గర దూరంలో మెత్తగా వంగేది కావాలంటే రెడింగ్టన్ క్లాసిక్ ట్రౌట్. వీటిలో ఏదైనా పై పరీక్ష గెలిచాకే కొనండి.

10. వారంటీ, పాత మోడళ్లు, వాడిన రాడ్లు

ఫ్లై రాడ్లు విరుగుతాయి. చేప వల్ల కంటే కారు తలుపు వల్ల, ఫ్యాన్ వల్ల, బరువైన ఫ్లై కొనకు తగలడం వల్ల. అందుకే వారంటీని ధరలో భాగంగా చూడాలి.

- మొదట కొన్నవారికేనా, చేతులు మారినా వర్తిస్తుందా?
- నమోదు చేసుకోవడానికి గడువు ఉందా?
- ప్రతి మరమ్మతుకూ ఎంత రుసుము? రవాణా ఖర్చు ఎవరిది?
- విరిగిన ముక్క ఒక్కటి పంపితే చాలా, మొత్తం రాడ్ పంపాలా?
- మోడల్ ఆపేశాక ముక్కలు ఇస్తారా? లేకపోతే బదులు ఏమిస్తారు?

"జీవితకాల వారంటీ" అని ఉన్నా రుసుము ఎక్కువైతే రెండుసార్లు విరిగేసరికి కొత్త రాడ్ ఖరీదుకు దగ్గరపడొచ్చు. చిన్న అక్షరాలు చదవండి.

కంపెనీలు కొత్త సిరీస్ తెచ్చినప్పుడు పాతదాని ధర తగ్గుతుంది. మధ్యస్థ బడ్జెట్‌లో ఒక మెట్టు పై రాడ్ దొరికే దారి ఇదే. నేనైతే కొత్త మోడల్ కంటే దీన్నే ముందు వెతుకుతాను.

వాడిన రాడ్ కొంటే ప్రతి ముక్క పొడవు కొలవండి. కొన ముక్క మిగతావాటి కంటే పొట్టిగా ఉంటే అది విరిగాక మళ్లీ టిప్ అతికించారని అనుమానించాలి. గోరుతో ముక్కల వెంట రాస్తూ పోండి, సన్నటి పగులు గోరుకు తగులుతుంది. అతుకులు వదులుగా ఉంటే వదిలేయండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే మార్గాలు

కొన్నాక రాడ్ మరీ గట్టిగా అనిపిస్తోంది. వెంటనే అమ్మేయొద్దు. అర నంబర్ బరువైన లైన్, అంటే 5 నంబర్‌లో 150 గ్రెయిన్లది, ఎవరి దగ్గరైనా అడిగి ఎక్కించి చూడండి. చాలాసార్లు అక్కడితో సమస్య తీరుతుంది.

రాడ్ మెత్తబడి కూలిపోతోంది. లైన్ నిజమైన గ్రెయిన్లు చూడండి. అప్పటికే బరువైన లైన్ ఎక్కించి ఉంటారు. ప్రమాణానికి సరిపోయేది మార్చండి, ఊపు నెమ్మదిగా చేయండి.

కొన బరువుగా ఉందని బరువైన రీల్ తగిలించడం. పట్టుకుని నిలబడినప్పుడు బ్యాలెన్స్ కుదురుతుంది కానీ, ఊపేటప్పుడు కొన భారం అలాగే ఉంటుంది. ఆ భారం తగ్గాలంటే రాడే తేలికది కావాలి.

మొదటి రాడ్ 5, రెండోది 6 కొనడం. రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి. 5 ఉంటే పైకి 8, కిందికి 3 అనుకోండి.

అతుకు దగ్గర విరిగింది. ఎక్కువగా వదులైన అతుకే కారణం. రోజులో రెండు మూడుసార్లు అతుకులు బిగుతుగా ఉన్నాయో లేదో చేత్తో చూడండి. లోపలికి వెళ్లే భాగానికి కొవ్వొత్తి మైనం పలుచగా రాస్తే జారిపోవడం తగ్గుతుంది. కంపెనీ వద్దంటే రాయొద్దు.

అతుకు ఇరుక్కుపోయింది. గైడ్లు పట్టుకుని తిప్పితే అవి ఊడిపోతాయి. అతుకుకు రెండు వైపులా ఇద్దరు చెరో చేయి వేసి తిన్నగా లాగండి. కదలకపోతే లోపలి ముక్క వైపు మంచు గడ్డ పెట్టి కాసేపాగి లాగండి.

చేపను దగ్గరకు తెచ్చేటప్పుడు కొన విరిగింది. రాడ్‌ను నిటారుకు మించి వెనక్కి వంచితే బరువంతా సన్నటి కొన మీద పడుతుంది. రాడ్‌ను పక్కకు వాల్చి, కింది భాగంతో లాగండి. ఇలా విరిగితే వారంటీ రుసుము కట్టాల్సిందే.

12. ఇంటికి తెచ్చిన రోజు

- బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి. ఆ రోజే వారంటీ నమోదు చేయండి.
- కొన వైపు నుంచి ముక్కలు జోడించండి. గైడ్లను పావు వంతు పక్కకు పెట్టి, తోస్తూ వరుసలోకి తిప్పండి.
- పిడి మీది ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా తీసేయండి. లోపల తేమ చేరి కార్క్ నల్లబడుతుంది.
- మొదటిసారి నీటికి వెళ్లే ముందు గడ్డి మీద అరగంట విసిరి, ప్రతి గైడ్ కట్టునూ మళ్లీ చూడండి. తయారీ లోపం ఉంటే తిరిగి ఇచ్చే గడువులోపే బయటపడాలి.
- వాడాక తుడిచి, ఆరాకే గొట్టంలో పెట్టండి. ఉప్పునీటిలో వాడితే మంచినీటితో కడిగి, రీల్ విప్పి సీటు మరలు కూడా కడగండి.